దీపధారిణి ఫ్లారెన్స్ నైటింగేల్

నర్సింగు పాఠశాలల్లోను, ఆసుపత్రుల గోడలమీద ఒక బొమ్మ తరచుగా కనిపిస్తుంది. తెల్లని కుచ్చుటోపీ పెట్టుకొన్న ఒక స్త్రీ చేతిలో దీపంతో మంచాల వరుసల మధ్య నడుస్తూ ఉంటుంది. ఆ దీపం అల్లావుద్దీన్ కథలోని దీపంలాగా చిన్న ముక్కుతో ఉంటుంది. చిత్రకారులు అలా గీశారు కాని, నిజానికి ఆమె చేతిలో ఉన్నది అది కాదు. టర్కీ బజారుల్లో దొరికే మడతల లాంతరు అది. లోపల కొవ్వొత్తి వెలుగుతుంటే, చుట్టూ ఉన్న తొడుగు గాలికి ఆరిపోకుండా కాపాడుతుంది.

ఆ స్త్రీ ఫ్లారెన్స్ నైటింగేల్. బొమ్మలో దీపం మారినట్లే ఆమె కథలోనూ కొంత మరుగున పడింది. లాంతరు పట్టుకొని ఆమె యుద్ధకాలపు ఆసుపత్రిలో తిరిగింది రెండేళ్లకు లోపే. ఆ తరువాత దాదాపు యాభై ఏళ్లు ఆమె చేసిన పని ఆ బొమ్మలో లేదు.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు ఇంగ్లండుకు చెందిన సంపన్నులు. పెళ్లయిన తరువాత ఐరోపా దేశాల్లో చాలాకాలం ప్రయాణాలు చేస్తూ, పిల్లలకు పుట్టిన ఊళ్ల పేర్లే పెట్టారు. అక్క నేపుల్స్ నగరంలో పుట్టింది కనుక ఆ ఊరి ప్రాచీన గ్రీకు నామమైన పార్థినోపి ఆమె పేరైంది. చెల్లెలు ఫ్లారెన్స్ అయింది. ఆ రోజుల్లో అది ఆడపిల్లలకు పెట్టే పేరు కాదు. ఈమె పేరు మోగిన తరువాతనే ఇంగ్లండులో వేలాది ఆడపిల్లలకు ఆ పేరు పెట్టారు.

తండ్రి విలియం నైటింగేల్ చదువుకొన్నవాడు. కుమార్తెలిద్దరికీ ఇంట్లో తానే గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలు, చరిత్ర, తత్వశాస్త్రం నేర్పించాడు. ఫ్లారెన్స్‌కు లెక్కలంటే ప్రాణం. లెక్కలు నేర్చుకోవడానికి ఇంట్లో పోరాడవలసి వచ్చింది. ఆడపిల్లకు గణితం ఎందుకన్నది తల్లి వాదన. మంచి సంబంధం చూసి పెళ్లి చేయడం, విందులకు వచ్చినవారితో చక్కగా మాట్లాడటం నేర్పడం, ఇవే ఆ తల్లి కోరికలు. కుటుంబానికి వేసవికి ఒక భవనం, శీతాకాలానికి మరొక భవనం ఉండేవి. ఏ లోటూ లేని ఆ ఇంట్లో చిన్న కూతురికి మాత్రం ఊపిరాడేది కాదు.

పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరిలో, భగవంతుడు తనను ఏదో సేవకు పిలుస్తున్నాడని ఆమెకు బలంగా తోచింది. ఆ సేవ ఏదో తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఊళ్లోని పేదల ఇళ్లలో రోగులను చూసి వస్తూ ఉండగా క్రమంగా దారి కనిపించింది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో చేరి రోగులకు పరిచర్య చేయడం నేర్చుకొంటానని ఇంట్లో అడిగింది. ఇంటిమీద పిడుగు పడినట్లయింది. తల్లి ఏడ్చింది. అక్క మూర్ఛపోయినంత పని చేసింది. తండ్రి ముఖం చాటేశాడు.

వారి భయానికి కారణం లేకపోలేదు. అప్పటి ఆసుపత్రులు ఇప్పటివాటివంటివి కావు. గతిలేని పేదలే అక్కడికి పోయేవారు. డబ్బున్నవారు ఇంట్లోనే వైద్యం చేయించుకొనేవారు. మత్తుమందు వాడకం ఇంకా రాలేదు. వార్డుల్లో దుర్గంధం. రోగులకు పనిచేసే ఆడవారికి శిక్షణ ఉండేది కాదు, గౌరవం అంతకన్నా ఉండేది కాదు. తాగుబోతులన్న పేరు వారికి స్థిరపడిపోయింది. గొప్పింటి పిల్ల ఆ పనికి పోతాననడం వంశానికే మచ్చ అనుకొన్నారు.

ఫ్లారెన్స్ ఎదురు తిరగలేదు, కోరిక వదలనూ లేదు. ఇంట్లోవాళ్లు లేవకముందే, చలిలో శాలువ కప్పుకొని, కొవ్వొత్తి వెలుతురులో ఆసుపత్రులను గురించిన ప్రభుత్వ నివేదికలు చదివేది. ఎక్కడ ఎన్ని పడకలున్నాయి, ఎందరు చేరారు, ఎందరు పోయారు అన్న అంకెలు పుస్తకాల్లో ఎక్కించుకొనేది. ఫలాహారం వేళకు కిందికి వచ్చి మామూలు అమ్మాయిలాగా కూర్చొనేది. ఇలా కొన్నేళ్లు గడిచాయి. రిచర్డ్ మాంక్టన్ మిల్నెస్ అనే కవి, పార్లమెంటు సభ్యుడు ఆమెను వివాహమాడాలని ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఆమెకు అతడంటే ఇష్టమే. అయినా 1849లో కాదని చెప్పింది. అతడి ఇల్లాలినైతే మళ్లీ ఆ విందుల బతుకే అవుతుందని ఆమె భయం.

చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే ఊరిలో, ఒక మతగురువు నడిపే ఆసుపత్రిలో మూడు నెలలు శిక్షణ పొందడానికి అనుమతి దొరికింది. తెల్లవారుజామున అయిదింటికి లేవడం, గంజితో కడుపు నింపుకోవడం, పుండ్లు కడగడం, శస్త్రచికిత్స వేళ పక్కన నిలబడటం. ఆమె జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు అంతకుముందు లేవు. 1853లో లండనులో, జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైంది. జీతం లేదు. తండ్రి మెత్తబడి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చే ఏర్పాటు చేశాడు. తల్లి మాత్రం అప్పటికీ సమాధానపడలేదు.

మరుసటి సంవత్సరమే యుద్ధం వచ్చింది. రష్యాకు, టర్కీకి మధ్య మొదలైన పోరులో 1854లో బ్రిటన్, ఫ్రాన్స్ టర్కీ పక్షాన చేరాయి. నల్లసముద్రంలోకి చొచ్చుకొనివచ్చిన క్రిమియా ద్వీపకల్పం యుద్ధభూమి అయింది. అక్కడ గాయపడిన, జబ్బుపడిన బ్రిటిష్ సైనికులను ఓడలకెక్కించి, సముద్రం దాటించి, ఇస్తాంబుల్ నగరానికి ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారికి చేర్చేవారు. టర్కీ సైన్యం ఇచ్చిన పెద్ద బారకు ఒకటి అక్కడ ఆసుపత్రి అయింది. ఆ ఆసుపత్రిలో కట్లు కట్టడానికి గుడ్డయినా లేదని టైమ్స్ పత్రిక విలేఖరులు రాశారు. విలేఖరులు యుద్ధవార్తలను అంత త్వరగా, అంత నిర్మొహమాటంగా పంపడం అదే మొదలు. ఇంగ్లండు ఉడికిపోయింది.

యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌కు స్నేహితుడు. నర్సులను తీసుకొని వెళ్లమని అతడు ఆమెకు ఉత్తరం రాశాడు. వెళ్లడానికి అనుమతి కోరుతూ ఆమె అప్పటికే ఉత్తరం పంపింది. ఆ రెండు ఉత్తరాలు దారిలో ఒకదానినొకటి దాటిపోయాయి. వారం తిరగకుండానే, అక్టోబరు 21న, 38 మంది నర్సులతో ఆమె బయలుదేరింది. వారిలో కొందరు సన్యాసినులు, కొందరు ఆసుపత్రుల్లో కూలికి పనిచేసినవారు. నవంబరు 4న స్కుటారి చేరారు.

దూరం నుంచి ఆ భవనం రాజప్రాసాదంలా ఉంది. లోపలికి అడుగుపెడితే నరకం. పొడవైన వసారాల్లో గడ్డిపరుపులు వరుసగా పరచి ఉన్నాయి. చాలామందికి ఆ పరుపు కూడా లేదు, నేలే గతి. యుద్ధంలో వేసుకొన్న బట్టలే ఒంటిమీద, నెత్తురు గడ్డకట్టి, పేలు పట్టి. ఎలుకలు నిర్భయంగా తిరుగుతున్నాయి. మనిషి ఒక్కింటికి రోజుకు ఇచ్చే నీరు సుమారు అర లీటరు. తాగడానికీ కడుక్కోవడానికీ అదే. సబ్బు లేదు, తువ్వాళ్లు లేవు, పళ్లేలు లేవు. సామాను లేక కాదు. ఏ కాగితంమీద ఎవరి సంతకం ఉంటే ఏ వస్తువు ఇవ్వాలో తేలక గిడ్డంగుల్లో మూలుగుతోంది.

అంతకన్నా కష్టం వైద్యులతో వచ్చింది. ఆడవారి సాయం తమకు అక్కరలేదని వారు ముఖంమీదే చెప్పారు. నైటింగేల్ గొడవపడలేదు. వైద్యుడు పిలిస్తే తప్ప ఒక్క నర్సు కూడా వార్డులో అడుగుపెట్టకూడదని తన వాళ్లకు ఆజ్ఞ వేసింది. నర్సులు తమ గదుల్లో కూర్చొని పట్టీలు కుట్టారు. పక్కనే మనుషులు మూలుగుతుంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం వారిలో కొందరు భరించలేకపోయారు, ఆమెను తిట్టుకొన్నారు. అయితే వారు స్కుటారి చేరిన మరునాడే ఇంకర్మన్ వద్ద ఘోర యుద్ధం జరిగింది. కొద్ది రోజులకు గాయపడినవారు ఓడల నిండా వచ్చిపడ్డారు. కాలు పెట్టడానికి చోటు లేకుండాపోయింది. అప్పుడు వైద్యులే వచ్చి పిలిచారు.

ఆ శీతాకాలమంతా ఆమె నిద్రపోయినది ఎప్పుడో చూసినవారు లేరు. టైమ్స్ పాఠకులు పంపిన చందా నిధితో, తన సొంత డబ్బుతో బజారులో వస్తువులు కొన్నది. నేల తోమే కుంచెలు తెప్పించింది. దగ్గరలో ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, పెద్ద కాగులు పెట్టించి, సైనికుల భార్యలచేత బట్టలు ఉతికించింది. మెత్తని ఆహారం తప్ప మింగలేనివారి కోసం వేరే వంటశాల నడిపించింది. కాలుచేతులు తీసివేసే వేళ భయపడే సైనికుడి పక్కన నిలబడింది. చనిపోయినవారి తల్లులకు, భార్యలకు స్వయంగా ఉత్తరాలు రాసింది. రాత్రి అందరూ పడుకొన్నాక లాంతరు పట్టుకొని వార్డులన్నీ ఒకసారి చుట్టివచ్చేది. పరుపుల వరుసలు నాలుగు మైళ్ల పొడవుండేవని లెక్క. ఆ లాంతరు వెలుగు దూరాన కనబడగానే సైనికులు గుసగుసలు మానేసి, ఆమె దాటిపోయేదాకా చూస్తూ ఉండేవారు. తాగుబోతులని పేరుపడ్డ సైనికుల చేత ఇంటికి డబ్బు పంపించింది కూడా ఆమే. అలా పంపే సదుపాయం కల్పిస్తే, ఆరు నెలల లోపే సుమారు 71,000 పౌండ్లు వారి ఇళ్లకు చేరాయి.

కథ సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. కాని ఇంత చేసినా చావులు తగ్గలేదు. 1855 జనవరిలో పెరిగాయి. ఫిబ్రవరిలో స్కుటారిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చనిపోయారు. ఆ శీతాకాలంలో అక్కడ పోయినవారు 4,000 మందికి పైమాటే. వారిలో గాయాలవల్ల పోయినవారు కొద్దిమందే. కలరా, టైఫస్, జిగట విరేచనాలు మిగిలినవారిని తీసుకొనిపోయాయి.

మార్చి నెలలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చింది. డాక్టర్ జాన్ సదర్‌లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్‌సన్ అందులో ముఖ్యులు. వారు రోగులకన్నా ముందు నేల కింద ఏముందో చూశారు. భవనం మొత్తం మురుగుగుంటల మీద నిలబడి ఉంది. మురుగు పోయే దారులు పూడుకొనిపోయి, ఆ దుర్గంధం గొట్టాల గుండా వార్డుల్లోకే ఎగదన్నుతోంది. నీరు వచ్చే కాలువలో చచ్చిన గుర్రం కళేబరం కనిపించింది. మొదటి రెండు వారాల్లోనే 500 బండ్లకు పైగా చెత్త ఎత్తించారు. మురుగు కడిగించారు, కిటికీలు తెరిపించారు, గోడలకు సున్నం కొట్టించారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకు దిగివచ్చాయి.

ఆ మేలో నైటింగేల్ క్రిమియాలోని ఆసుపత్రులు చూడబోయి తీవ్రమైన జ్వరంతో పడిపోయింది. బతుకుతుందనుకోలేదు. బతికింది కాని ఆ జబ్బు జీవితాంతం వదలలేదు. యుద్ధం ముగిసి, చివరి రోగి వెళ్లేదాకా ఉండి, 1856 ఆగస్టులో ఇంటికి తిరిగివచ్చింది. ఆమెను తీసుకొనిరావడానికి యుద్ధనౌక పంపుతామన్నారు, ఊరేగింపులు సిద్ధం చేశారు. ఆమె మిస్ స్మిత్ అనే మారుపేరుతో ప్రయాణం చేసి, రైలు దిగి ఒంటరిగా నడిచి ఇల్లు చేరింది.

స్కుటారిలో ఉన్నంతకాలం, సైనికులు తిండిలేక, బట్టలేక, ఆసుపత్రికి ఆలస్యంగా చేరడంవల్ల చనిపోతున్నారని ఆమె నమ్మింది. తప్పంతా సరఫరా అధికారులదనుకొన్నది. ఇంగ్లండుకు వచ్చాక, జనన మరణాల లెక్కల్లో ఆరితేరిన విలియం ఫార్ సహాయంతో, సైన్యం కాగితాలన్నీ ముందు పెట్టుకొని కూర్చొన్నది. లెక్కలు వేరే మాట చెప్పాయి. యుద్ధంలో చనిపోయిన సుమారు 21,000 మంది బ్రిటిష్ సైనికుల్లో 16,000 మందికి పైగా రోగాలవల్లనే పోయారు. యుద్ధభూమి దగ్గరి గుడారపు ఆసుపత్రులకన్నా స్కుటారిలోనే చావులు ఎక్కువ. అంటే ఆమె రాత్రింబవళ్లు కాపాడిన ఆ వార్డులే మనుషులను చంపాయి. ఏ నర్సు ఎంత ప్రేమగా సేవ చేసినా మురుగుగుంటమీద పరచిన పరుపుమీద రోగి బతకడు.

దేశమంతా దేవతగా కొలుస్తున్న కాలంలో ఇటువంటి లెక్క ఎదురైతే దాచిపెట్టడం సులువు. ఎవరూ ఆమెను అడగలేదు కూడా. ఆమె దాచలేదు. 1858లో అచ్చయిన 800 పుటలకు మించిన నివేదికలో స్కుటారి మరణాల అంకెలను నెల నెలకు విడదీసి పెట్టింది. అంకెల పట్టికలు చూసి మంత్రులు పుటలు తిప్పేస్తారని ఆమెకు తెలుసు. అందుకే గుండ్రని పువ్వు ఆకారంలో ఒక పటం గీయించింది. ఒక్కొక్క రేకు ఒక్కొక్క నెల. గాయాలతో పోయినవారికి, నివారించగలిగిన రోగాలతో పోయినవారికి, ఇతర కారణాలతో పోయినవారికి వేరువేరు రంగులు. చదువురానివాడు కూడా ఆ పటం చూస్తే రోగాల రంగే పువ్వంతా నిండి ఉందని గ్రహిస్తాడు. బ్రిటన్‌లోని గణాంక శాస్త్ర సంఘానికి సభ్యురాలైన మొదటి స్త్రీ ఆమే.

యుద్ధం లేని రోజుల్లో, ఇంగ్లండులోని బారకుల్లోనే సైనికులు అదే వయసు పౌరులకన్నా దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారని కూడా ఆమె లెక్కతేల్చింది. రాజసంఘం ఏర్పడింది. బారకులు, సైనిక ఆసుపత్రులు మారాయి. చావులు తగ్గాయి. ఒక విషయం మాత్రం చెప్పుకోవాలి. రోగాలు చెడుగాలివల్ల వస్తాయని ఆమె నమ్మేది. కంటికి కనబడని సూక్ష్మక్రిములవల్ల వస్తాయన్న సిద్ధాంతాన్ని చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. ఆమె చెప్పిన కారణం సరికాదు, చేయించిన పని సరైనది.

1859లో పరిచర్య గురించి ఆమె రాసిన చిన్న పుస్తకం ఇల్లిల్లూ చేరింది. ప్రజలు కృతజ్ఞతతో పోగుచేసి ఇచ్చిన నిధితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ పాఠశాల తెరిచారు. అక్కడ చదివినవారు లివర్‌పూల్‌లోని పేదల ఆశ్రమానికీ, దూరాన ఉన్న ఆస్ట్రేలియాకూ వెళ్లి పనిచేశారు. ఒకప్పుడు గతిలేనివారి పని అనుకొన్నది చదివి చేసే వృత్తి అయింది. రెడ్‌క్రాస్ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ డ్యూనాంట్ కూడా తనకు స్ఫూర్తి ఆమే అని చెప్పుకొన్నాడు.

ఈ పనులన్నీ ఆమె గది దాటకుండానే చేసింది. ముప్పయి ఏడో ఏటినుంచి ఎక్కువకాలం మంచంమీదనే గడిచింది. మంత్రులు, ఇంజనీర్లు, వైస్రాయిలుగా పోబోయేవారు ఆమె గది ముందు వేచి ఉండేవారు. ఆమె తోడుగా పనిచేసేవారిని విశ్రాంతి తీసుకోనిచ్చేది కాదు. జబ్బుపడిన సిడ్నీ హెర్బర్ట్‌ను కూడా పని మానవద్దని ఒత్తిడి చేసింది. అతడు 1861లో చనిపోయాడు. ఆమె చాలాకాలం దుఃఖించింది.

ఆమె భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా నలభై ఏళ్లకు పైగా ఈ దేశం గురించి రాసింది. 1859లో ఇక్కడి సైన్యం ఆరోగ్యాన్ని విచారించే సంఘం ఏర్పడినప్పుడు, ప్రతి దండుకూ ప్రశ్నల కాగితాలు పంపించింది. జవాబులు బండ్లకెత్తే కాగితాలుగా ఆమె ఇంటికి చేరాయి. భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నట్లు తేలింది. శుభ్రమైన నీరు, మురుగు పారుదల ఏర్పడిన కొద్దీ, పదేళ్లలో ఆ సంఖ్య వెయ్యికి 18కి తగ్గింది. సైనికుల దగ్గర ఆమె ఆగలేదు. దండు పక్కన ఊరు కుళ్లుతుంటే దండు ఆరోగ్యంగా ఉండదని వాదించి, పల్లెల నీటి గురించి, రైతుల అప్పుల గురించి, పంట కాలువల గురించి రాయడం మొదలుపెట్టింది.

ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపింది. రైలుమార్గాలకు కోట్లు పోస్తున్న ప్రభుత్వం కాలువలకు కొంతైనా పెడితే కరువులు తగ్గుతాయన్న కాటన్ వాదాన్ని ఆమె లండనులో వినిపించింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతాలను కరువు పీడించింది. బళ్లారి, కడప, కర్నూలు సీమల పెద్దలు దాన్నే ధాత కరువు అని చెప్పుకొంటూ వచ్చారు. యాభై లక్షలకు మించిన జనం చనిపోయారని అంచనా. 1878లో నైటింగేల్ లండను పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. ఇంతమంది పోయింది వానలు లేకనే కాదని, రైతు అప్పుల్లో మునిగి, చేతిలో గింజ నిలవక పోయారని అందులో చూపించింది. ఇండియా ఆఫీసు అధికారులకు ఆ రాత నచ్చలేదు. స్కుటారిలో చేసినట్లే ఇక్కడా ఆమె అంకెలు వరుసగా పేర్చింది. ఇక్కడ మాత్రం గెలిచినది తక్కువ.

1890లో, బలాక్లావా యుద్ధంలో పాల్గొని పేదరికంలో ఉన్న ముసలి సైనికుల సహాయం కోసం, అప్పుడే కొత్తగా వచ్చిన ఎడిసన్ యంత్రంలో ఆమె గొంతును నింపారు. ఆ ధ్వని నేటికీ భద్రంగా ఉంది. తరువాత చూపు పోయింది, జ్ఞాపకం తగ్గింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే ఉన్నత గౌరవం పొందిన మొదటి స్త్రీ అయింది. ఆ పతకం ఎందుకు ఇచ్చారో ఆమెకు అంతగా అర్థం కాలేదు.

1910 ఆగస్టు 13న తొంభయ్యో ఏట ఆమె కన్నుమూసింది. రాజులను, మహాకవులను సమాధి చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటు ఇస్తామన్నారు. ఆమె కోరిక తెలిసిన బంధువులు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే చిన్న ఊరి చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన ఆమెను సమాధి చేశారు. ఆరుగురు సైనికులు శవపేటికను మోశారు. ఆ రాతిమీద పేరు లేదు. ఎఫ్. ఎన్. అన్న రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే ఉన్నాయి.